ఎగ్మూరు అనాథబాలుర బడి, అచ్చుకూటం: విలీనం, తరలింపు - తెలుగు జిల్లాల మాన్యువల్లపై దాని ముద్ర

వ్యాససంగ్రహం:

మద్రాసు ఎగ్మూరులో 1789లో ప్రారంభమైన సైనిక అనాథబాలుర ఆశ్రమం విద్యాచరిత్రలో ‘మద్రాసు పద్ధతి’కి పుట్టినిల్లుగా ప్రసిద్ధి పొందింది. పిల్లలకు అచ్చుపని నేర్పిన బడిగా మాత్రం దానికి తగిన గుర్తింపు రాలేదు. 1870ల తొలి ఏడాదుల్లో ఈ ఆశ్రమం నీలగిరులలోని లారెన్స్ అసైలంలో విలీనమైంది. బడి కొండమీదికి వెళ్లింది. అచ్చుకూటం మద్రాసులోనే నిలిచి, కొత్త సంస్థ పేరును ధరించింది. విశాఖపట్నం, బళ్లారి, కృష్ణా జిల్లాల తొలి మాన్యువల్లు ఈ అచ్చుకూటంలోనే ముద్రితమయ్యాయి. ఒక వృత్తివిద్యా సంస్థ విలీనమై తరలిపోయినప్పుడు నేర్పే చోటు, పనిచేసే చోటు ఎలా వేరుపడతాయో, ఆ వేర్పాటు గ్రంథాల ముద్రణ వివరాల మాటున ఎలా మరుగునపడుతుందో పరిశీలించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: ముద్రణ చరిత్ర, ఎగ్మూరు, మద్రాసు పద్ధతి, లారెన్స్ అసైలం, జిల్లా మాన్యువల్లు, వృత్తివిద్య, అచ్చుకూర్పరులు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ముద్రణ చరిత్రను వివరించే గ్రంథాలు, సిద్ధాంత వ్యాసాలు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి. జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ 1746లో అచ్చువేయించిన తెలుగు పుస్తకాలతో కథ మొదలవుతుంది. తరువాత శ్రీరాంపూరు మిషనరీల కృషి, 1812లో స్థాపితమైన సెయింట్ జార్జి కోట కళాశాల, 1816లో ఆ కళాశాల అచ్చుకూటం నుండి వెలువడిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం, 1852లో వేపేరిలో ముద్రితమైన సి.పి. బ్రౌన్ నిఘంటువు వరుసగా వస్తాయి. గ్రంథకర్త, పోషకుడు, అచ్చు వేయించినవాడు ఈ చరిత్రలో కనిపిస్తారు. అక్షరాలు పేర్చినవాడు కనిపించడు. అతడు ఆ పని ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ వయసులో నేర్చుకున్నాడన్న ప్రశ్న కూడా అరుదుగానే వినిపిస్తుంది.

ఈ లోపాన్ని పూరించడానికి ముద్రణాలయాల చరిత్రతోపాటు ముద్రణ నేర్పిన బడుల చరిత్రను కూడా చదవవలసి ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో అటువంటి బడికి స్పష్టమైన ఉదాహరణ ఎగ్మూరు సైనిక అనాథబాలుర ఆశ్రమం. ఆంగ్లంలో దీనిని ‘మేల్ అసైలం’ అన్నారు. నేడు ‘అసైలం’ అనగానే మానసిక రోగుల ఆసుపత్రి స్ఫురిస్తుంది గాని, ఆనాడు ఆ మాటకు దిక్కులేనివారికి నీడనిచ్చే చోటు అని అర్థం. ఆ ఆశ్రమానికి అనుబంధంగా వెలసిన ‘అసైలం ప్రెస్’, తరువాతి ‘లారెన్స్ అసైలం ప్రెస్’ పేర్లు 19వ శతాబ్ది తెలుగు ప్రాంతాలపై పరిశోధన చేసేవారికి చిరపరిచితాలు. ఉపయుక్త గ్రంథసూచికలో ఆ పేరును రాసుకుని ముందుకు సాగిపోవడమే మనకు అలవాటు. ఆ పేరు వెనుక ఒక బడి ఉంది, ఒక విలీనం ఉంది, ఒక తరలింపు ఉంది.

2. ఎగ్మూరు బడి - ఇసుకలో అక్షరాలు:

18వ శతాబ్ది చివరి భాగంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ సైనికుల సంతానం ఒక సామాజిక సమస్యగా పరిణమించింది. తండ్రి ఐరోపా సిపాయి; తల్లి చాలా సందర్భాలలో ఈ దేశపు స్త్రీ. యుద్ధంలోనో వ్యాధితోనో తండ్రి మరణిస్తే పిల్లలకు దిక్కుండేది కాదు. బాలికల కోసం 1787లో, బాలుర కోసం 1789లో మద్రాసులో ఆశ్రమాలు ఏర్పడ్డాయి. ఎగ్మూరులోని బాలుర ఆశ్రమానికి స్కాట్లండ్ దేశీయుడైన మతాచార్యుడు ఆండ్రూ బెల్ (1753-1832) పర్యవేక్షకుడయ్యాడు.

బెల్‌కు ఎదురైన మొదటి సమస్య ఉపాధ్యాయులు. జీతానికి వచ్చిన పెద్దలు ఆయన చెప్పిన పద్ధతిలో బోధించడానికి ఇష్టపడలేదు. ఒకనాడు ఆయన ఒక దేశీయ బడిలో పిల్లలు నేలమీద ఇసుక పరచుకుని వేళ్లతో అక్షరాలు దిద్దడం చూశాడు. కాగితం, సిరా, పలక ఏవీ అవసరం లేని ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టదలచాడు. పెద్ద ఉపాధ్యాయులు ముందుకు రాకపోవడంతో, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల బాలునికి చిన్నపిల్లల తరగతిని అప్పగించాడు. ఆ బాలుడు సాధారణ సిపాయి కొడుకు. ప్రయోగం ఫలించింది. క్రమంగా బడి మొత్తం పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిలోకి మారింది. 1796లో బెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, మరుసటి ఏడాది ఈ ప్రయోగాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అదే ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులోని పేదపిల్లల బడులకు వ్యాపించింది.

ఇసుకలో దిద్దడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం తెలుగునాట వీధిబడులకు కొత్త సంగతులు కావు. థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా విచారణకు సమాధానంగా, బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక ఇందుకు సాక్ష్యం. తన జిల్లాలో 533 బళ్లు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పాడు. వాటిలో అత్యధికం కన్నడ, తెలుగు బళ్లే. తక్కువ ఖర్చుతో రాత నేర్పే తీరును, ముందున్న పిల్లలు వెనుకబడినవారికి బోధించే ఏర్పాటును ఆయన మెచ్చుకుని, ఇంగ్లండు దీనిని అనుకరించడం సమంజసమేనన్నాడు. ఈ క్యాంప్‌బెల్, 1816 నాటి తెలుగు వ్యాకరణకర్త ఒక్కరే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇసుకరాతను దేశీయ బడి నుండి గ్రహించినట్లు బెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. పిల్లలచేత బోధింపజేయడాన్ని మాత్రం తన సొంత ఆలోచనగానే చెప్పుకున్నాడు. క్యాంప్‌బెల్ రెండింటినీ దేశీయ బడులలోనే చూశాడు. ధరంపాల్ 1983లో ఈ నివేదికలను ప్రచురించిన తరువాత ఈ విషయం విస్తృత చర్చకు వచ్చింది. ప్రస్తుత వ్యాసానికి కావలసింది ఆ వివాదంలో తీర్పు కాదు. చేతితో చేస్తూ నేర్చుకోవడం, నేర్చుకున్నవాడు వెంటనే మరొకరికి నేర్పడం అనే రెండు లక్షణాలు ఎగ్మూరు బడికి పునాది అని గుర్తించడం చాలు. ఆ పునాదిమీదనే అక్కడ అచ్చుపని నిలబడింది.

3. బడిలో అచ్చుకూటం:

ఆశ్రమంలో చేరిన బాలుడు ఒక వయసు వచ్చాక తన కాళ్లమీద తాను నిలబడాలి. సైన్యంలో చేరడం ఒక దారి. ఏదైనా వృత్తిలో శిక్షణ పొందడం మరొక దారి. చదువులో రాణించినవారికి అరుదైన అవకాశాలూ వచ్చాయి. విలియం స్మిత్ అనే విద్యార్థి 1794లో కంపెనీ రాయబారులతో కలిసి టిప్పు సుల్తాన్ ఆస్థానానికి వెళ్లి, శాస్త్రీయ పరికరాలతో ప్రయోగాలు చేసి చూపించాడు. అయితే అందరికీ అటువంటి అవకాశం రాదు. ఎక్కువమందికి అన్నం పెట్టగల చేతిపని కావాలి.

బెల్ తరువాత ఆశ్రమ బాధ్యతలు చూసినవారిలో రిచర్డ్ హాల్ కెర్ ముఖ్యుడు. ఆయన కూడా మతాచార్యుడే. 1808లో మరణించేనాటికి ఆయన ఆశ్రమానికి ఒక అచ్చుకూటాన్ని సమకూర్చి, బాలురకు ముద్రణలో శిక్షణ ఇప్పించాడు. ప్రభుత్వ ముద్రణ పనులు కూడా ఈ అచ్చుకూటానికి లభించాయి. దానివల్ల మూడు ప్రయోజనాలు ఒకేసారి నెరవేరాయి. పిల్లలకు వృత్తి దొరికింది. ఆశ్రమానికి ఆదాయం వచ్చింది. ప్రభుత్వానికి నమ్మకమైన అచ్చుపని సమకూరింది. ఈ మూడింటిలో దేనికి పెద్దపీట వేస్తారన్నదానిమీదనే అటువంటి సంస్థ స్వభావం ఆధారపడుతుంది. పిల్లల చదువుకోసం అచ్చుకూటమా, అచ్చుకూటం కోసం పిల్లలా అన్న ప్రశ్న తొలినాటి నుండీ అందులో ఇమిడి ఉంది.

చేతికూర్పు కాలంలో అచ్చుపని అంటే ఏమిటో నేటి విద్యార్థికి కొంత వివరించాలి. గళ్లపెట్టెలో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సీసపు అక్షరం ఉంటుంది. కంపోజిటరు ఎదుట రాతప్రతి పెట్టుకుని, ఎడమచేతిలోని స్టిక్కులో కుడిచేత్తో అక్షరాలు పేరుస్తాడు. అక్షరం అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుంది కనుక, తిరగబడినదాన్ని సూటిగా చదవడం అతనికి అలవడాలి. పంక్తులను గేలీలోకి మార్చి, ప్రూఫు తీసి, తప్పులు సరిచేసి, పుటలను ఫారంగా బిగించి యంత్రానికి ఎక్కిస్తారు. అచ్చు ముగిశాక మళ్లీ అక్షరాలను విడదీసి ఎవరి గడిలో వాటిని వేయాలి. కొత్తగా చేరిన పిల్లవాడు సాధారణంగా ఈ చివరి పనితోనే చదువు మొదలుపెడతాడు. ఏ అక్షరం ఏ గడిదో చేతివేళ్లకు తెలిసిన తరువాతనే కూర్పు నేర్చుకుంటాడు. సిరిసిల్ల నేతకారుల ఇళ్లలో పిల్లలు మొదట కండెలు చుట్టి, ఆ తరువాత మగ్గం ఎక్కినట్లే ఇదీ. ఏ చేతివృత్తికైనా చదువు, పని ఒకే కప్పు కింద సాగుతాయి. వాటి మధ్య దూరం పెరిగితే చదువు స్వభావమే మారిపోతుంది.

4. విలీనం, తరలింపు:

ఎగ్మూరు ఆశ్రమం మైదానపు నగరంలో పుట్టిన సంస్థ. 19వ శతాబ్ది మధ్యభాగానికి సైనికుల పిల్లల విషయంలో ప్రభుత్వ దృక్పథం మారింది. మైదానాల వేడి, దండుబజార్ల వాతావరణం ఐరోపా సంతతి పిల్లల ఆరోగ్యాన్నీ నడవడినీ చెడగొడతాయని, వారిని కొండలమీద పెంచాలని సర్ హెన్రీ మాంట్‌గొమరీ లారెన్స్ (1806-1857) ప్రతిపాదించాడు. ఆయన ప్రోత్సాహంతో 1847లో హిమాలయ పాదాలలోని సనావర్‌లో మొదటి ఆశ్రమం వెలిసింది. తరువాత అబూ పర్వతం మీద మరొకటి ఏర్పడింది. 1857 జూలైలో లక్నో ముట్టడిలో లారెన్స్ మరణించాడు. ఆయన పేరుతో 1858లో ఉదకమండలంలో, 1860లో మర్రీలో ఆశ్రమాలు ప్రారంభమయ్యాయి.

ఉదకమండలం ఆశ్రమానికి సమీపంలోని లవ్‌డేల్‌లో పెద్ద భవనం నిర్మించారు. మద్రాసు నగరంలో ఎన్నో ప్రభుత్వ భవనాలకు రూపకల్పన చేసిన రాబర్ట్ చిజమ్ దానికి వాస్తుశిల్పి. 1870ల తొలి ఏడాదుల్లో, 1871-72 ప్రాంతంలో, ఎగ్మూరు సైనిక అనాథబాలుర ఆశ్రమాన్ని లారెన్స్ అసైలంలో విలీనం చేశారు. ఎనభై ఏళ్లకు పైగా మద్రాసులో సాగిన బడి కొండమీదికి తరలిపోయింది.

పాలనాదృష్టితో చూస్తే ఇది సహేతుకమైన నిర్ణయమే. ఒకే రకమైన పిల్లల కోసం రెండు సంస్థలు ఎందుకు, రెండు నిధులు ఎందుకు అన్న వాదం సహజం. అయితే ఆ రెండు సంస్థలూ నిజంగా ఒకే రకమైనవి కావు. ఎగ్మూరు బడి పుట్టిందే మిశ్రమ సంతతి పిల్లల దుఃస్థితి నుండి. లారెన్స్ ఆశ్రమాల మూలసూత్రాలలోనేమో శుద్ధ ఐరోపా సంతతికి ప్రాధాన్యం ఉంది. ఉష్ణదేశపు వాతావరణం వారినే ఎక్కువగా బాధిస్తుందన్నది అందుకు చూపిన కారణం. తల్లి ఈ దేశపు స్త్రీ అయిన పిల్లవాడు ఒకచోట బడికి మూలకారణం, మరొకచోట రెండవ వరుసవాడు. విలీనంతో చిన్నసంస్థ నిధి మాత్రమే పెద్దసంస్థలో కలిసిపోదు, దాని ఉద్దేశం కూడా కలిసిపోతుందనడానికి ఇది నిదర్శనం.

రెండవ మార్పు అచ్చుపనికి సంబంధించింది. బడి తరలింది, అచ్చుకూటం తరలలేదు. అందుకు కారణాలు ఊహించడం కష్టం కాదు. అచ్చుయంత్రాలు, సీసపు అక్షరాల పెట్టెలు, కాగితపు కట్టలు బరువైన సరుకు. 1870ల ఆరంభంలో నీలగిరులమీదికి రైలు లేదు; పర్వత రైలుమార్గం కూనూరుకు 1899లో, ఉదకమండలానికి 1908లో చేరింది. అంతకుమించి, అచ్చుకూటానికి పని ఇచ్చే సచివాలయం, న్యాయస్థానాలు, వ్యాపార సంస్థలు అన్నీ మద్రాసులోనే ఉన్నాయి. పని ఉన్నచోట అచ్చుకూటం ఉండాలి, చల్లగాలి ఉన్నచోట బడి ఉండాలి అన్న రెండు అవసరాలు ఒక సంస్థను రెండుగా చీల్చాయి.

విలీనానంతరం మద్రాసు మౌంట్ రోడ్డులో ‘లారెన్స్ అసైలం ప్రెస్’ పేరుతో ముద్రణ కొనసాగింది. తరువాతి దశాబ్దాలలో కొన్ని గ్రంథాలపై ‘లారెన్స్ అసైలం స్టీమ్ ప్రెస్’ అనే పేరు కూడా కనిపిస్తుంది. ‘స్టీమ్’ అనే ఆ ఒక్క మాట ఎంతో చెబుతుంది. చేతియంత్రం పక్కన నిలబడి పిల్లలు నేర్చుకునే చోటు కాదిది. ఆవిరియంత్రంతో నడిచే కర్మాగారం. ప్రతి ఏటా వెలువడిన ‘అసైలం ప్రెస్ ఆల్మనాక్’ మద్రాసు రాష్ట్రంలో అధికారులు, వర్తకులు, సంస్థల చిరునామాలు వెతుక్కునేవారికి చేతిపుస్తకమై, 20వ శతాబ్దిలోకి కూడా కొనసాగింది. దాని పేరులో మాత్రం అనాథాశ్రమం అలాగే నిలిచిపోయింది.

5. మూడు తెలుగు జిల్లాలు, ఒక అచ్చుకూటం:

ఈ చరిత్రకు తెలుగు పరిశోధనతో ఉన్న ప్రత్యక్ష సంబంధం జిల్లా మాన్యువల్లలో కనిపిస్తుంది. 1860ల నుండి మద్రాసు ప్రభుత్వం ఒక్కొక్క జిల్లాకు చరిత్ర, భూగోళం, రెవెన్యూ వ్యవస్థ, కులాలు, ఆలయాలు, వాణిజ్యం మొదలైన వివరాలతో సమగ్ర గ్రంథాలను తయారు చేయించింది. వాటిలో తెలుగు ప్రాంతాలకు సంబంధించిన మూడు ఈ అచ్చుకూటం నుండి వచ్చాయి.

మొదటిది డి.ఎఫ్. కార్మైకేల్ కూర్చిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్. 1869లో వెలువడిన ఈ గ్రంథంపై ‘అసైలం ప్రెస్’ అని ఉంది. రెండవది జాన్ కెల్సాల్ రచించిన బళ్లారి జిల్లా మాన్యువల్. 1872 నాటి ఈ గ్రంథంపై ‘లారెన్స్ అసైలం ప్రెస్’ అని ఉంది. అనంతపురం జిల్లా 1882లో విడివడేదాకా గుత్తి, పెనుకొండ, తాడిపత్రి ప్రాంతాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి కనుక, రాయలసీమ చరిత్రకు ఇది తొలి ఆకరాలలో ఒకటి. మూడవది గోర్డన్ మెకంజీ రచించిన కృష్ణా జిల్లా మాన్యువల్. 1883 నాటి దీనిపైనా ‘లారెన్స్ అసైలం ప్రెస్’ పేరే ఉంది. కడప (1875), కర్నూలు (1886) జిల్లాల మాన్యువల్లు మాత్రం ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి.

మొదటి రెండు గ్రంథాల మధ్య కాలం మూడేళ్లు. ఆ మూడేళ్లలో ముద్రణ వివరంలో ఒక్క మాట అదనంగా చేరింది. ఆ ఒక్క మాట ఎగ్మూరు బడి తరలిపోయిందని తెలిపే గుర్తు. గ్రంథాలయ సూచికలలో ఈ రెండు పేర్లను ఒకదానికి బదులు మరొకటి వాడిన సందర్భాలు ఉన్నాయి కనుక, ఏ ఒక్క పుస్తకం ఆధారంగానూ పేరు మారిన తేదీని నిర్ణయించడం తగదు. సూచికను నమ్మి ఊరుకోకుండా మూలగ్రంథం ముఖపత్రాన్ని స్వయంగా చూడవలసిన అవసరాన్ని కూడా ఇది గుర్తుచేస్తుంది.

బళ్లారి విషయంలో ఒక విశేషం ఉంది. బెల్ బడికి బంధువులవంటి వీధిబడులను క్యాంప్‌బెల్ 1823లో వర్ణించింది ఈ జిల్లాలోనే. సరిగ్గా అర్ధశతాబ్ది గడవబోతుండగా ఆ జిల్లా చరిత్ర ఆ బడి పేరును మోసిన అచ్చుకూటంలోనే తయారైంది. అప్పటికి ఆ బడి అక్కడ లేదు.

ఈ గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నా, పుటపుటకూ తెలుగు పదాలతో నిండి ఉంటాయి. గ్రామనామాలు, ఇంటిపేర్లు, భూమి రకాలు, పన్నుల పేర్లు, పండుగలు, దేవతల పేర్లు ఆంగ్లాక్షరాలలోకి మారాయి. మచిలీపట్నం ‘మసులిపటం’ అయింది. కృష్ణ ‘కిస్ట్నా’ అయింది. ఈ రూపాలకు బాధ్యులెవరన్న చర్చ వచ్చినప్పుడు మనం గ్రంథకర్తలైన అధికారుల పేర్లే చెబుతాం. రాతప్రతికీ పుస్తకానికీ మధ్య కూర్పరి, ప్రూఫు దిద్దేవాడు ఉన్నారు. అలవాటులేని తెలుగు పేరును అక్షరం అక్షరంగా పేర్చవలసివచ్చిన చేతుల పాత్ర కూడా ఆ రూపాలలో ఉంటుంది. ఒకే గ్రంథంలో ఒకే ఊరిపేరు వేర్వేరు వర్ణక్రమాలతో కనిపించినప్పుడు దానిని రచయిత అశ్రద్ధగానో, స్థానిక ఉచ్చారణ భేదంగానో నిర్ధారించేముందు ముద్రణ ప్రక్రియను కూడా ఒక కారణంగా పరిగణించాలి. స్థలనామ పరిశోధకులకు ఇది ఎంతో ముఖ్యం.

6. నిజాం రాష్ట్రం వైపు నుండి:

మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలకు ఇటువంటి గ్రంథాలు వస్తున్న కాలంలో తెలంగాణ స్థితి ఏమిటన్నది సహజమైన ప్రశ్న. నేటి జగిత్యాల, కోరుట్ల, కథలాపూర్, సిరిసిల్ల ప్రాంతాలు అప్పటి ఎలగందల జిల్లాలోనివి. 1905 తరువాత అది కరీంనగర్ జిల్లాగా మారింది. కృష్ణా మాన్యువల్ వెలువడిన 1883-84 కాలంలోనే సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, సి. విల్‌మాట్ కలిసి నిజాం రాజ్యపు చారిత్రక, వర్ణనాత్మక గ్రంథాన్ని రెండు సంపుటాలుగా ప్రకటించారు. ఆ గ్రంథం అచ్చయింది హైదరాబాదులో కాదు, బొంబాయిలోని టైమ్స్ ఆఫ్ ఇండియా స్టీమ్ ప్రెస్‌లో.

ఈ పోలిక వల్ల ఒక సంగతి తేటపడుతుంది. కోస్తా జిల్లాల వర్ణనను మద్రాసు అనాథాశ్రమం పేరు మోసిన అచ్చుకూటం ముద్రించింది. మన ప్రాంతపు వర్ణనను బొంబాయి పత్రికా సంస్థ ముద్రించింది. రెండింటిలోనూ వర్ణన తెలుగువారిదే, వర్ణించిన భాష మాత్రం ఆంగ్లం. అచ్చుపని నేర్చినవారు ఎక్కడ ఉంటే గ్రంథం అక్కడికి ప్రయాణించింది. ముద్రణ నైపుణ్యం ఉన్న చోటుకీ, ముద్రణకు విషయమైన చోటుకీ మధ్య ఉన్న దూరం ప్రాంతీయ చరిత్ర రచనను ప్రభావితం చేసే అంశాలలో ఒకటి. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి వంటి పల్లెలో అచ్చుయంత్రం నెలకొల్పి ‘తెనుగు’ పత్రికను నడపడం ఎందుకు సాహసమో ఈ నేపథ్యంలో మరింత బాగా అర్థమవుతుంది. యంత్రాన్ని కొని తేవచ్చు. యంత్రం దగ్గర నిలబడే మనిషిని తయారు చేసుకోవాలి.

7. లండన్ ముద్రణ పాఠశాలతో పోలిక:

ముద్రణ పాఠశాలల విలీనాలు, తరలింపులు మద్రాసుకు మాత్రమే పరిమితం కావు. లండన్ పత్రికలకు నెలవైన ఫ్లీట్ వీధి పక్కన సెయింట్ బ్రైడ్ సంస్థ 1894లో ముద్రణ పాఠశాలను ప్రారంభించింది. 1922లో అది లండన్ కౌంటీ పాలకసంస్థ ఆధీనంలోకి వెళ్లి స్టాంఫర్డ్ వీధికి తరలింది. 1949లో ఫొటో బ్లాకులు, లిథో ముద్రణ నేర్పే బోల్ట్ కోర్ట్ పాఠశాలతో కలిసింది. 1960లో ‘లండన్ కాలేజ్ ఆఫ్ ప్రింటింగ్’ అనే పేరు పొంది, 1962లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ ప్రాంతపు కొత్త భవనంలో స్థిరపడింది. 2004లో ఆ పేరులోని ‘ప్రింటింగ్’ పోయి ‘కమ్యూనికేషన్’ వచ్చింది.

లండన్‌లో ప్రతి విలీనమూ బడిని పెంచింది. బడి, దాని యంత్రశాల కలిసే తరలాయి. చివరకు పేరు నుండి ముద్రణ తప్పుకుంది. మద్రాసులో ఇందుకు విరుద్ధంగా జరిగింది. ఒకే ఒక్క విలీనం బడినీ యంత్రశాలనూ విడదీసింది. బడి పేరులో ముద్రణ ఎన్నడూ లేదు. ముద్రణాలయం పేరులోనేమో బడి చిరకాలం మిగిలింది. ఒకచోట వృత్తి నిలిచి పేరు మారింది. మరొకచోట పేరు నిలిచి వృత్తివిద్య జారిపోయింది. సెయింట్ బ్రైడ్ సంస్థ 1895లో తెరిచిన ముద్రణ గ్రంథాలయం మాత్రం బడి వెళ్లిపోయినా పాతచోటనే నిలిచి, ముద్రణ చరిత్రకారులకు ఆధారమైంది. మద్రాసు బడికి అటువంటి గ్రంథాలయం లేదు. దాని జాడ కోసం అది అచ్చువేసిన పుస్తకాల ముఖపత్రాలనే ఆశ్రయించాలి.

స్వాతంత్ర్యానంతరం ముద్రణ విద్య డిప్లొమా రూపంలో సాంకేతిక విద్యాశాఖల పరిధిలోకి వచ్చింది. సికింద్రాబాదులోని ప్రభుత్వ ముద్రణ సాంకేతిక విద్యాసంస్థ అందుకు మనకు దగ్గరి ఉదాహరణ. ఇటువంటి సంస్థలను కలపాలన్నా, మరోచోటికి మార్చాలన్నా భవనాలు, పోస్టులు, విద్యార్థుల సంఖ్య లెక్కలోకి వస్తాయి. పక్కన పనిచేసే అచ్చుకూటం ఉందా అన్న ప్రశ్న కూడా ఆ లెక్కలో చేరవలసి ఉందని ఎగ్మూరు చరిత్ర చెబుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- ఎగ్మూరు అనాథబాలుర ఆశ్రమం బోధనాపద్ధతికి మాత్రమే కాక, బడిలోనే ముద్రణవృత్తిని నేర్పిన తొలి ప్రయత్నాలలో ఒకటిగా కూడా గుర్తింపు పొందదగినది.
- 1870ల ఆరంభంలో జరిగిన విలీనం బడిని నీలగిరులకు తరలించి, అచ్చుకూటాన్ని మద్రాసులో నిలిపింది. దానితో శిక్షణకూ ఉత్పత్తికీ మధ్య ఉన్న సహజ సంబంధం తెగింది.
- ‘లారెన్స్ అసైలం ప్రెస్’ అన్న పేరును చూసి ఆ గ్రంథాన్ని అనాథబాలురు అచ్చువేశారని భావించరాదు. లవ్‌డేల్‌లో చదివే బాలుడు మౌంట్ రోడ్డులో అక్షరాలు పేర్చే అవకాశం లేదు. ఆ పేరు యాజమాన్యాన్ని తెలుపుతుందే గాని శ్రామికులను తెలపదు.
- విశాఖపట్నం, బళ్లారి, కృష్ణా మాన్యువల్లను ఆకరాలుగా వాడే పరిశోధకులు వాటి ముద్రణ వివరాలను పూర్తిగా నమోదు చేయాలి. స్థలనామాల వర్ణక్రమాన్ని చర్చించేటప్పుడు ముద్రణ ప్రక్రియను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు శాఖలలో ముద్రణ చరిత్రపై జరిగే పరిశోధన గ్రంథాల జాబితాతో ఆగిపోకూడదు. ప్రతి పాత అచ్చుకూటం గురించీ మూడు ప్రశ్నలు వేయాలి: ఇక్కడ ఎవరు పనిచేశారు, వారికి పని ఎవరు నేర్పారు, ఆ నేర్పిన చోటు తరువాత ఏమైంది? జిల్లా కేంద్రాలలోనూ చిన్న పట్టణాలలోనూ చేతికూర్పుతో నడిచిన అచ్చుకూటాలు ఇటీవలి దశాబ్దాలలో మూతపడ్డాయి. వాటిలో అక్షరాలు పేర్చిన వృద్ధులు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. ఎగ్మూరు పిల్లల మాట మనకు ఏ రూపంలోనూ దక్కలేదు. ఈ పెద్దల మాటను సేకరించడానికి మాత్రం ఇప్పటికీ వ్యవధి ఉంది. ఆ పనికి పరిశోధక విద్యార్థులు పూనుకుంటే తెలుగు ముద్రణ చరిత్రలో ఇంతకాలం ఖాళీగా ఉన్న గడి కొంతైనా నిండుతుంది.